గీతకు నీళ్ళు తగిలితే

(ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, బొమ్మలు వేసే పిల్లలు కలిసిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పిల్లలు ముందు వరసలో కూర్చున్నారు కాబట్టి మాటల కంటే ముందు పని చూపిస్తాను. వెనక ఉన్న పెద్దలు లేచి వచ్చి బల్ల చుట్టూ నిలబడినా ఫరవాలేదు.

నా చేతిలో రెండు క్రేయాన్లు ఉన్నాయి. రెండూ నీలం రంగువే. ఒకటి మన బజారులో ఏ పుస్తకాల దుకాణంలోనైనా దొరికే మామూలు మైనపు క్రేయాన్. రెండోది నీటిలో కరిగే రకం. ఈ కాగితం మీద ఎడమ పక్క మామూలు దానితో ఒక పట్టీ, కుడి పక్క రెండో దానితో ఇంకో పట్టీ గీస్తున్నాను. చూడటానికి పెద్ద తేడా లేదు. ఇప్పుడు తడి కుంచెను రెండింటి మీదుగా ఒక్కసారి లాగుతాను. చూశారా? ఎడమ పక్క నీళ్ళు తామరాకు మీద నిలిచినట్టు బొట్లుగా నిలిచాయి, గీత చెక్కుచెదరలేదు. కుడి పక్క గీత విచ్చుకుంది. రంగు నీళ్ళతో పాటు పాకింది. గీత ఎక్కడ అయిపోయిందో, పూత ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపించలేం. ఈ పూట నేను మాట్లాడబోయేదంతా ఈ కుడి పక్క జరిగిన దాని గురించే.

ఇది నాకు ఎందుకంత ముఖ్యమో చెబుతాను. మన బడుల్లో బొమ్మ వేయడమంటే ముందు పెన్సిలుతో చుట్టూ గీత గీయాలి. తరవాత నల్ల స్కెచ్ పెన్నుతో దాన్ని దిద్దాలి. ఆ పైన లోపల రంగు నింపాలి. రంగు గీత దాటితే తప్పు. ఒడియా మీడియం బడి అయినా, తెలుగు మీడియం అయినా, ఇంగ్లీషు మీడియం అయినా ఈ ఒక్క విషయంలో అందరిదీ ఒకే పద్ధతి. అయిదేళ్ళ పిల్ల చేతికి మట్టి దొరికినా బొగ్గు దొరికినా గీతా రంగూ అన్న తేడా లేకుండా గోడంతా పులిమేస్తుంది. ఆరో ఏట మనం ఆ రెండింటి మధ్య గోడ కడతాం. ఇక ఆ పిల్ల రంగు వేయదు, ఖాళీలు నింపుతుంది. ఆ రెండూ ఒక్కటే అని నేను ఒప్పుకోను.

ఇంకొకటి చూడండి. 'ప్రకృతి దృశ్యం వేయండి' అని ఏ తరగతిలో అడిగినా వచ్చే బొమ్మ మీ అందరికీ తెలుసు. రెండు త్రికోణాల కొండలు, మధ్యలో సగం సూర్యుడు, కొండల నుంచి వంకరగా దిగే ఏరు, పక్కన గుడిసె, కొబ్బరి చెట్టు. కొండ అన్నది చూడని ఊళ్ళలో పిల్లలు అలా వేస్తే అర్థం చేసుకోవచ్చు. మనం ఉన్నది ఎక్కడ? గజపతి జిల్లాలో. ఇంటి మేడ ఎక్కితే కొండలు. మహేంద్రగిరి 1501 మీటర్ల ఎత్తున మన జిల్లాలోనే ఉంది. ఇక్కడి తూర్పు కనుమల కొండల్లో త్రికోణం ఒక్కటైనా ఉందా? వీపులు గుండ్రంగా, ఒకదాని వెనక ఒకటిగా, వెనక్కి పోయేకొద్దీ నీలం పలచబడుతూ ఉంటాయి. కళ్ళ ముందున్న ఆ కొండలను వదిలేసి పుస్తకంలోని కొండను దింపుతున్నాం. ఈ ఊళ్ళోనే బడిపంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు ఈ కొండల్లోని గిరిజనులైన సవరల భాషను సవరల నోటి నుంచే విని నేర్చుకున్నారు, దానికి నిఘంటువు కూర్చారు. బొమ్మ వేసేవాళ్ళకూ అదే దారి అని నా నమ్మకం. కొండను చూసే కొండను వేయాలి.

నీటిలో కరిగే క్రేయాన్ చేతికి వస్తే అన్నీ మారిపోతాయని చెప్పను. అయితే ఈ గోడ కట్టే అలవాటును అది తనంతట తానే కుదరనివ్వదు. నల్లగీత గీసి లోపల రంగు వేసి తడిపారనుకోండి, గీతే ముందు కరిగి రంగంతా నల్లబడుతుంది. కాబట్టి పిల్లవాడు ఆలోచించాల్సి వస్తుంది: ఈ గీత ఉండాలా, కరగాలా? ఉండాలంటే ఏం చేయాలి? కరగాలంటే ఎంత గట్టిగా గీయాలి? ఆ ఆలోచన మొదలైతే చాలు, మిగతాది వాడే చూసుకుంటాడు.

ఇది ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్పుకుందాం. మాష్టర్లు ఉన్నారు, సైన్సు చెప్పేవారూ ఉన్నారు. ఏ రంగుకైనా రెండు భాగాలు. ఒకటి రంగునిచ్చే పొడి. రెండోది ఆ పొడిని పట్టి ఉంచి కాగితానికి అంటించే జిగురు. వాటర్ కలర్ బిళ్ళలో ఆ జిగురు తుమ్మ జాతి చెట్ల బంక. అది నీళ్ళలో కరుగుతుంది. మామూలు క్రేయాన్లో ఆ పని చేసేది పారఫిన్ మైనం, అంటే కొవ్వొత్తి మైనమే. దానికీ నీళ్ళకూ పడదు. మూడో రకమైన ఈ నీటిలో కరిగే క్రేయాన్‌లోనూ మైనం ఉంది, కానీ దానితో పాటు నీళ్ళకూ మైనానికీ సయోధ్య కుదిర్చే పదార్థం కలిపి ఉంటుంది. సబ్బు నూనె జిడ్డును వదిలించేది ఇలాంటి గుణంతోనే. అందులోని అణువుకు ఒక కొస జిడ్డును పట్టుకుంటుంది, రెండో కొస నీటిని పట్టుకుంటుంది. తడి తగలగానే మైనం సన్నని కణాలుగా విడిపోయి నీళ్ళలో తేలుతుంది, దానితో పాటు రంగు పొడీ కదులుతుంది. ఏ మైనం ఎంత, ఏ పదార్థం ఎంత అన్నది మాత్రం ఏ కంపెనీకి ఆ కంపెనీ బయట పెట్టదు.

దీని వల్ల రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఆరాక కూడా కాగితం మీద మైనం మిగిలే ఉంటుంది, కాబట్టి చాలా మందంగా పూసిన చోట పైన వేసే వాటర్ కలర్ సరిగా పట్టదు. రెండోది, ఆరిన రంగుకు మళ్ళీ తడి తగిలితే కొంత లేస్తుంది. అక్రిలిక్ రంగు లాగా ఒకసారి ఆరితే కదలదని అనుకోవద్దు. వానాకాలంలో బొమ్మ మీద చినుకు పడిందా, అక్కడ మచ్చ ఖాయం.

చరిత్ర రెండు ముక్కల్లో. పిల్లల మైనపు క్రేయాన్లు అమెరికాలో 1903లో క్రేయోలా పేరుతో బజారులోకి వచ్చాయి. ఎనిమిది రంగుల పెట్టె అయిదు సెంట్లు. స్విట్జర్లాండులోని జెనీవాలో 1915లో ఒక పెన్సిళ్ళ కర్మాగారం మొదలైంది. 1924 నుంచి దాని పేరు కారన్ డాష్. 1931లో వాళ్ళు ప్రిస్మాలో అని నీటిలో కరిగే రంగు పెన్సిళ్ళు తెచ్చారు. 1952లో నియోకలర్ అనే మైనపు రంగులు వచ్చాయి. అవి నీటికి లొంగవు. వాటి తరవాత 1972లో నియోకలర్ టూ వచ్చింది, అది నీటిలో కరుగుతుంది. ఈ రోజు నా చేతిలో ఉన్నది అదే. ఇతర దేశాల కంపెనీలూ ఇలాంటివి చేస్తున్నాయి. ఫేబర్ కాస్టెల్ వాళ్ళ జెలటోలు అనే రంగు కడ్డీలు ఇంకా మెత్తగా ఉంటాయి, వేలితో రాసినా పరుచుకుంటాయి.

నీటిలో కరిగే పెన్సిలు ఉండగా క్రేయాన్ ఎందుకని ఒక మాష్టారు ఇందాక బయట అడిగారు. పెన్సిలు మొన సన్నం. ఆకాశమంత చోటు నింపాలంటే చేయి నొప్పి పుడుతుంది. క్రేయాన్‌కు చెక్క లేదు, చుట్టూ ఉన్న కాగితం తీస్తే కడ్డీ అంతా రంగే. పక్కకు పడుకోబెట్టి లాగితే వేలెడు వెడల్పు పట్టీ ఒక్క లాగుతో వస్తుంది. మొనతో గీత, పక్కతో పూత, నీటితో తడి పూత. మూడు పనులకూ ఒకటే వస్తువు. చిన్న చేతులకు పట్టూ బాగుంటుంది.

ఇప్పుడు కాగితం. దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు, ఎందుకంటే సగం నిరాశలకు కారణం రంగు కాదు, కాగితమే. రాయగడ పక్కన జేకేపూర్‌లో 1962 నుంచి కాగితం మిల్లు నడుస్తోంది. ఆ కంపెనీ జెరాక్స్ కాగితం మనలో చాలామంది ఇళ్ళలో ఉంది. అది రాతకూ అచ్చుకూ ఉద్దేశించిన కాగితం. చదరపు మీటరుకు 75 గ్రాముల బరువు. దాని మీద పొడిగా గీస్తే హాయిగా ఉంటుంది. తడి కుంచె పెట్టగానే అలలు తేలుతుంది, రెండుసార్లు రుద్దితే పొట్టు లేస్తుంది. అది ఆ కాగితం తప్పు కాదు, దాని పని అది కాదు. నీళ్ళు వాడాలంటే 300 గ్రాముల వాటర్ కలర్ కాగితం మంచిది. అది తడిని తట్టుకుంటుంది, పైన గరుకు ఉంటుంది. క్రేయాన్ పక్కతో లాగితే గరుకు గుట్టల మీద మాత్రమే రంగు అంటి, గుంటల్లో తెలుపు మిగులుతుంది. ఆ తెల్లని చుక్కల వల్లే బొమ్మకు వెలుగు వస్తుంది. ఖరీదు ఎక్కువ అనుకుంటే ఒక పెద్ద షీటును పోస్టుకార్డు సైజు ముక్కలుగా కోసి పిల్లలకు పంచండి. చిన్న ముక్క మంచి కాగితం మీద నేర్చుకున్నది పెద్ద చార్టు మీద నేర్చుకోలేరు. చార్టు కాగితం నునుపు, దాని మీద రంగు జారుతుంది, నీళ్ళు మరకలు కడతాయి.

ఇక కొండలు వేద్దాం. పిల్లలూ, ఇటు చూడండి.

ముందు దూరపు వరస. లేత నీలం కడ్డీని పక్కకు పడుకోబెట్టి చేతి బరువు అసలు పెట్టకుండా లాగుతున్నాను. రంగు పట్టిందా లేదా అన్నంత పలచగా. ఇప్పుడు కుంచెను నీళ్ళలో ముంచి, గిన్నె అంచుకు ఒకసారి రుద్ది, ఎక్కువ తడి తీసేశాను. కొండ వీపు మీదుగా ఎడమ నుంచి కుడికి ఒకే లాగు. మళ్ళీ వెనక్కి రావడం లేదు. పై అంచు స్పష్టంగా నిలిచింది. కింది వైపుకు మాత్రం వట్టి తడి కుంచెతో లాగాను, అక్కడ రంగు పలచబడి కాగితం తెలుపులో కలిసిపోయింది. అదే కొండ పాదాల దగ్గర ఉండే మంచు. దాన్ని నేను వేయలేదు, వదిలేశాను, అంతే. దూరపు కొండ ఎందుకు లేతగా, నీలంగా కనిపిస్తుందంటే మన కంటికీ దానికీ మధ్య ఉన్న గాలిలో చెదిరిన వెలుగు అడ్డంగా పడుతుంది కాబట్టి. మధ్యలో గాలి ఎంత ఎక్కువ ఉంటే కొండ అంత పలచన.

ఇది ఆరాలి. ఆరకముందు తొందరపడితే రెండు వరసలూ కలిసి ఒకే మచ్చ అవుతాయి. ఎండాకాలంలో రెండు నిమిషాలు పడుతుంది, వానాకాలంలో కాసేపు మాట్లాడుకోవాల్సి వస్తుంది. ఈ లోపల రంగు కలపడం గురించి చెబుతాను. పెట్టెలో ఉన్న ఆకుపచ్చను ఉన్నదున్నట్టు చెట్టుకు వేస్తే చెట్టు ప్లాస్టిక్ చెట్టులా కనిపిస్తుంది. పసుపు పలచగా వేసి దాని మీద నీలం పలచగా వేసి తడపండి, ఆకుపచ్చ కాగితం మీదే పుడుతుంది. అది ఒక్కచోట ఎక్కువ పసుపుగా, ఒక్కచోట ఎక్కువ నీలంగా ఉంటుంది. నిజమైన ఆకులూ అలాగే ఉంటాయి. అది మరీ పచ్చగా అనిపిస్తే పైన ఎరుపును ఒక్కసారి తాకించండి, పచ్చదనం తగ్గి ఎండిన కొండ రంగు వస్తుంది. ఎరుపూ ఆకుపచ్చా ఒకదాన్నొకటి అణచుకుంటాయి. అందుకే పెట్టెలో 84 రంగులు ఉండాలని ఏమీ లేదు. పది రంగుల పెట్టె పదిమంది పిల్లలకు సరిపోతుంది.

ఆరింది. రెండో వరస. ఈసారి నీలం మీద కొంచెం ఆకుపచ్చ, కొంచెం గోధుమ రంగు. గరుకు తెలిసేలా పక్కతోనే లాగాను. ఇప్పుడు దయచేసి గమనించండి, ఈ ఒక్క పని కోసమే మిమ్మల్ని దగ్గరికి రమ్మన్నాను. కుంచెను కొండ నడుము నుంచి కిందికి మాత్రమే తాకిస్తున్నాను. పై సగాన్ని పొడిగా వదిలేస్తున్నాను. కిందిది కరిగి లోయ అయింది. పైన పొడిగా ఉన్న గరుకు చెట్లుగా నిలిచింది. చెట్టు ఒక్కటీ గీయలేదు. మొత్తం తడిపి ఉంటే నున్నగా వాటర్ కలర్ బొమ్మ అయ్యేది. అసలు తడపకపోతే క్రేయాన్ బొమ్మ అయ్యేది. ఈ వస్తువు సొంత గుణం ఆ రెండూ పక్కపక్కన ఉన్నప్పుడే బయటపడుతుంది. కొత్తగా వాడేవాళ్ళు, పిల్లలే కాదు పెద్దలు కూడా, నీళ్ళు కనబడగానే అంచు నుంచి అంచు వరకు తడిపేస్తారు. కరుగుతుంటే చూడటం సరదాగా ఉంటుంది కదా, చేయి ఆగదు. ఎక్కడ తడపాలో నేర్పడం తేలిక. ఎక్కడ ఆపాలో నేర్పడానికే మాష్టారు కావాలి.

ముందు వరస, మన పక్కనే ఉన్న గట్టు. ఇక్కడ గట్టిగా గీస్తున్నాను, ముదురు ఆకుపచ్చ, దాని మీద గోధుమ రంగు. మందంగా పడిన గీత తడిపినా పూర్తిగా కరగదు, దాని జాడ మిగులుతుంది. అది మనకు పనికొచ్చే జాడే. తడిపాను. రంగు ఇంకా పచ్చిగా ఉండగానే ఈ వెదురు పుల్ల కొసతో గీరుతున్నాను. సన్నని లేత గీతలు వచ్చాయి. జీడిమామిడి కొమ్మలు. ఈ గీతల కోసం ముందు పెన్సిలు ముట్టుకోలేదు, నల్ల స్కెచ్ పెన్నూ వాడలేదు.

ఒక చిన్న ఉపాయం. మామూలు క్రేయాన్, కొవ్వొత్తి నీళ్ళకు లొంగవని మొదట చూశాం. ఆ గుణాన్నే పనికి పెట్టుకోవచ్చు. పొలంలో కొంగలు వేయాలంటే ముందు కొవ్వొత్తి మొనతో కొంగల్ని గీయండి, కాగితం మీద ఏమీ కనిపించదు. తరవాత ఇంకో కాగితం మీద కరిగే క్రేయాన్‌ను గట్టిగా రుద్ది, ఆ రంగును తడి కుంచెతో ఎత్తి కొవ్వొత్తి గీతల మీదుగా పూయండి. కొంగలు తెల్లగా బయటికి వస్తాయి. పిల్లలకు ఇది ఎంత చెప్పినా నమ్మకం కుదరదు, చేసి చూపించాల్సిందే.

ఇప్పుడు చెప్పిన ఆ రెండో కాగితం ఉందే, దాన్ని వేరుగా దాచుకోండి. దళసరి ముక్క మీద ఆరేడు రంగులు మందంగా రుద్ది పెట్టుకుంటే అదే రంగుల పళ్ళెం. నోటు పుస్తకంలో పెట్టుకుని ఎక్కడికైనా వెళ్ళవచ్చు. నౌపడా నుంచి గుణుపురం పోయే రైలు ఎక్కితే కిటికీ పక్కన చెరువులు, తాటిచెట్లు, వంశధార దగ్గరి పొలాలు వరసగా వస్తాయి. రైలులో నీళ్ళ గిన్నె పెట్టుకుని కుంచె పట్టడం కుదిరే పని కాదు. క్రేయాన్‌తో పొడిగా గీసుకోండి, ఏది కరగాలో ఏది నిలవాలో మనసులో పెట్టుకోండి, ఇంటికి వచ్చాక తడపండి. చూసినప్పుడు గీత, తీరిక దొరికినప్పుడు నీళ్ళు. నీటిలో కరిగే పెన్సిళ్ళు తప్ప ఇంకే రంగులోనూ ఈ వెసులుబాటు ఇంత సులువుగా లేదు.

నల్లని, గోధుమ రంగు కాగితాల గురించి చెప్పకుండా వదలలేను. వాటర్ కలర్ పారదర్శకం కాబట్టి ముదురు కాగితం మీద కనిపించదు. ఈ క్రేయాన్ ఒళ్ళున్న రంగు. తెలుపు, పసుపు, లేత నీలం ముదురు కాగితం మీద కూడా నిలుస్తాయి. పిల్లల నోటు పుస్తకాలకు అట్ట వేసే ఖాకీ కాగితం మీద వేసి చూడండి, నీళ్ళు మాత్రం పొదుపుగా వాడాలి.

ముదురు నేల మీద లేత బొమ్మ అనగానే మన జిల్లాలోనూ రాయగడ జిల్లాలోనూ సవరల ఇళ్ళ గోడలు గుర్తుకు రావాలి. ఎర్రమట్టి అలికిన గోడ, బియ్యప్పిండి తెలుపు, నమిలి మెత్తబరచిన పుల్లే కుంచె. చుట్టూ చట్రం, లోపల ఏనుగులు, గుర్రాలు, మనుషులు, సూర్యుడు, చంద్రుడు, చెట్లు. ఆ మనుషులకు ముందు చుట్టుగీత గీసి తరవాత లోపల నింపరు. తెలుపు పడిన చోటే మనిషి. నేను మొదటి నుంచి చెబుతున్నది అక్కడ ఎప్పటి నుంచో ఉంది. అయితే ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ గోడ బొమ్మను ఇడితల్ అంటారు. అది అలంకారం కాదు. చనిపోయిన పెద్దల కోసం, దేవతల కోసం, ఇంట్లో జబ్బు చేసినప్పుడో పంట బాగుండాలనో వేసే పూజ. పోటీలకూ పెళ్ళి కార్డులకూ ఆ బొమ్మల్ని ఎత్తి అంటించడం నాకు ఇష్టం లేదు, మీ పిల్లలకూ నేర్పవద్దని వేడుకుంటున్నాను. మట్టి రంగు మీద తెలుపు ఎలా వెలుగుతుందో అక్కడ చూసి నేర్చుకోండి. ఆ వెలుగుతో మీ వీధిని వేయండి, మీ ఇంటి మేకను వేయండి.

కొనేవాళ్ళ కోసం నాలుగు మాటలు. దుకాణంలో ఆయిల్ పేస్టల్ ఉంటుంది, ప్లాస్టిక్ క్రేయాన్ ఉంటుంది, మైనపు క్రేయాన్ ఉంటుంది. ఈ మూడూ నీటిలో కరగవు. పెట్టె మీద కడిగితే పోతుందని రాసి ఉంటే మోసపోవద్దు. చేతికీ బట్టకూ అంటింది కడిగితే వదులుతుందని మాత్రమే దాని అర్థం, కాగితం మీద రంగుగా పరుచుకుంటుందని కాదు. నీటిలో కరిగేదని స్పష్టంగా రాసి ఉందా అని చూడండి. నమ్మకం లేకపోతే కాగితం మీద ఒక గీత గీసి తడి వేలితో రుద్దండి, వెంటనే తెలిసిపోతుంది. మనవైపు చిన్న ఊళ్ళలో ఇవి దొరకడం కష్టం. బరంపురం, విశాఖపట్నం వెళ్ళినప్పుడో, ఫోనులోనో తెప్పించుకోవాలి. ఖరీదైనవే, అందుకే బడి తరఫున ఒక పెట్టె కొని అందరూ వాడుకోవడం మంచి పద్ధతి. విరిగిన ముక్కలు పారేయవద్దు. గోళీ అంత ముక్కను కూడా తడి కుంచెతో రుద్ది రంగు ఎత్తుకోవచ్చు. వేసవిలో ఎండ పడే కిటికీ దగ్గర పెట్టె ఉంచితే కడ్డీలు మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయి. కడ్డీ మొనను నేరుగా నీళ్ళలో నానబెట్టవద్దు, ముంచినా వెంటనే తుడిచి ఆరబెట్టండి.

(సభలో నుంచి ఒక తల్లి ప్రశ్న: వేసిన బొమ్మ ఎన్నాళ్ళు నిలుస్తుంది?)

మంచి ప్రశ్న అమ్మా. రెండు శత్రువులు ఉన్నాయి, తడి, ఎండ. తడి సంగతి చెప్పాను. గోడకు పెట్టాలంటే అద్దం వేయించి ఫ్రేము కట్టించండి, అద్దం బొమ్మకు తగలకుండా మధ్యలో అట్ట పెట్టమనండి. ఫైలులో దాచుకునేవాటి మధ్య బటర్ పేపర్ పెడితే ఒకదాని రంగు ఇంకోదానికి అంటదు. పైన వార్నిష్ వేయాలనుకుంటే స్ప్రే డబ్బాతో దూరం నుంచి పలచగా కొట్టాలి. నీళ్ళతో కలిపే వార్నిష్ కుంచెతో రాశారా, బొమ్మ మళ్ళీ కరుగుతుంది. ఎండ విషయంలో అన్ని రంగులూ ఒకటి కాదు. గులాబీలు, ఊదాలు కొన్ని తొందరగా వెలిసిపోతాయి. మట్టి రంగులు ఎక్కువ కాలం నిలుస్తాయి. కంపెనీలు ఆ తేడా చెప్పడానికి గుర్తులు వేస్తాయి. మీరే తెలుసుకోవాలంటే ఒక కాగితం మీద అన్ని రంగుల పట్టీలు గీసి, సగం అట్టతో కప్పి, ఎండ పడే కిటికీకి అంటించి కొన్ని నెలలు వదిలేయండి. అట్ట తీసి రెండు సగాలూ పోల్చి చూడండి. బడిలో సైన్సు మాష్టారూ డ్రాయింగు మాష్టారూ కలిసి పిల్లలతో చేయించదగ్గ పని ఇది.

(ఒక విద్యార్థి ప్రశ్న: పరీక్షలో ఔట్‌లైన్ లేకపోతే మార్కులు తగ్గిస్తారు కదా సార్?)

నువ్వు అడిగింది నిజం బాబూ, తగ్గిస్తారు. పరీక్షలో పరీక్ష అడిగినట్టే వెయ్యి, అందులో తప్పేమీ లేదు. ఇక్కడున్న మాష్టర్లను మాత్రం ఒకటి అడుగుతున్నాను. వారానికి ఉన్న డ్రాయింగు పీరియడ్లలో ఒక్కదాన్ని మార్కులు లేకుండా వదలండి. ఆ పీరియడ్లో పెన్సిలూ రబ్బరూ బయటికి తీయనివ్వకండి. రబ్బరు లేకపోతే పిల్లలు మొదట బెదురుతారు. పడిన గీతను చెరపలేం, కరిగించగలం. దాన్ని నీడగా మార్చుకోవచ్చు, మబ్బుగా మార్చుకోవచ్చు. ఆ సంగతి తెలిసిన పిల్ల కాగితాన్ని చూసి భయపడదు.

అటు పక్క రెండు బల్లల మీద కాగితం ముక్కలు, నీళ్ళ గిన్నెలు, గుడ్డలు పెట్టించాం. అయిదుగురికి ఒక పెట్టె. చిన్నవాళ్ళు ముందు రండి. గిన్నెలో నీళ్ళు మురికిపడగానే మార్చుకోండి, మురికి నీళ్ళతో పసుపు పసుపుగా రాదు. కిటికీలోంచి కొండ కనిపిస్తోంది కదా, అటు తిరిగి కూర్చోండి. మొదటి కాగితం మీద సగం మాత్రమే తడపండి, తడిపాక నాకు చూపించండి.